ఉత్త నాచు

నాచులోనే పెట్టు, మీ అన్నయ్య పద్ధతి అదీ, అని చెప్పి పొద్దున వదిన గొడుగు పట్టుకుని వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ షెడ్డు గుమ్మంలో ఆగి మళ్ళీ అదే మాట, నాకేదో చెముడు వచ్చినట్టు. ఎండ తగ్గేసరికి వచ్చి చూస్తుందట. చూడు తల్లీ, చూడు, ఈ ఇంట్లో చూడ్డానికి అందరూ ఉన్నారు, చెయ్యడానికే నేనొక్కదాన్ని. బేసిన్‌లో నీళ్ళు, నీళ్ళల్లో మొక్కలు, పైన తడిగుడ్డ. గుడ్డ ఎత్తి చూస్తే లేత ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, ఒక్కో ఆకూ నా బొటనవేలి గోరంత. ఇవే ఆఖరివి. ఈ బేసిన్‌లో ఉన్నవి తప్ప, ఈ ఇంట్లోనే పుట్టిన ఆ ఆంథూరియం పూల రకం లోకంలో ఇంకెక్కడా లేదు. అన్నయ్య బతికుండగా ఒక్క మొక్క అమ్మనివ్వలేదు, ఇంకా పెరగాలి, ఇంకా పెరగాలి అంటూ అన్నిటినీ షెడ్డు చివర వల కట్టిన మూలలో దాచుకున్నాడు, ఆయన పోయిన వారంలోనే వచ్చిన వానలకి, నేనింకా అటు అడుగైనా పెట్టకముందే, తెగులు తగిలి ఆ మూల మూలంతా మాడిపోయింది. వదినే కుండీలతో సహా బయటికి ఈడ్చి తగలబెట్టింది, నన్ను దగ్గరికి రానివ్వలేదు, నీ చేతులకంటితే మిగతా ట్రేలకీ అంటుకుంటుంది దూరంగా ఉండు అని కసిరింది. ఇక ల్యాబులో, జెల్లీ మీద పిల్లమొక్కలు పెంచే సీసాలు మిగిలాయి. ల్యాబంటే ఇప్పుడు పేరుకే, చల్లదనం మిషను మూలుగుతూ మూలుగుతూ ఆగిపోయింది, బీరువాల్లో సీసాల్లో సగానికి బూజు, మంచివి ఏరి తెచ్చి ఇదిగో ఈ బల్ల మీద పెట్టుకున్నాను. ఇంకొన్నాళ్ళు ఉంచుదామంటే సీసాలో జెల్లీ పసుపుపచ్చగా తిరిగింది, ఆకులు మూతకి తగులుతున్నాయి. తియ్యాల్సిందే. తీశాను. తీసి కడిగాను. ఇక దేంట్లో పెట్టాలన్నదే.

బల్ల మీద ఎడమ పక్క ట్రే నిండా నానబెట్టిన ఎండు నాచు, కుడి పక్క ట్రే నిండా నా మిశ్రమం. నాచు మెత్తగా, తేమగా, బంగారు రంగులో పరుపు వేసినట్టుంది, చూస్తే ఎవరికైనా దాని మీద పడుకోవాలనిపిస్తుంది. నా మిశ్రమం చూడ్డానికి ఏముంటుంది, కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కలు, పెర్లైట్ అనే ఆ తెల్లటి తేలిక రాతి గుళికలు, చెత్తబుట్ట బోర్లించినట్టుంటుంది. పొట్టీ, నీ బొగ్గూ నువ్వూ, అనేవాడు అన్నయ్య, నలుగురిలో అనేవాడు, పనివాళ్ళు నవ్వేదాకా అనేవాడు. నా పేరు ఇంట్లో ఎవరికైనా గుర్తుందో లేదో, వదినకి అమ్మాయిని, మిగతా అందరికీ పొట్టినే, ఈ షెడ్డులో జుట్టు నెరిసిపోయినా పొట్టినే. జెల్లీ ఇంకా వేళ్ళ సందుల్లో జారుతోంది. ఎంత కడిగినా ఒక పొర ఉండిపోతుంది, అందులో పంచదార ఉంటుంది కదా, వేరుకి అంటుకుని ఉండిపోతే రెండ్రోజుల్లో బూజు, అందుకే వేరు వేరునీ వేలి కొనతో తుడవాలి, గట్టిగా తుడిస్తే వేరే తెగుతుంది. ఈ పని అన్నయ్యకి వచ్చేది కాదు. ఆయన వేళ్ళు లావు. సీసాలు నింపడం, మూతలు బిగించడం, తెల్లకోటు వేసుకుని వచ్చినవాళ్ళకి అద్దంలోంచి చూపించడం, అవన్నీ ఆయనవి. సీసా మూత తీసిన క్షణం నుంచీ నాది. బతికితే ల్యాబు గొప్ప, చస్తే షెడ్డు తప్పు. ఎన్నేళ్ళు విన్నాను ఈ మాట, వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి.

పైన వల మీద ఏదో పక్షి నడుస్తోంది, టకటకా, ఆకుపచ్చ నీడ నా చేతుల మీద కదులుతోంది. కుళాయి కారుతోంది, వాషరు మార్చమని ఎన్నిసార్లు చెప్పానో. సీసాలో పుట్టిన ఆకు గురించి జనానికి తెలియదు. పచ్చగా నిగనిగలాడుతుంది, అబ్బ ఎంత బాగుందో అంటారు. దానికి ఒంటి మీద మైనప్పొర ఉండదు. చెమటరంధ్రాలు తెరిచే ఉంటాయి, మూసుకోవడం నేర్చుకోలేదు, ఎందుకు నేర్చుకుంటుంది, సీసాలో ఎప్పుడూ తేమే కదా. బయట పెట్టగానే ఒంట్లో నీళ్ళన్నీ ఆ రంధ్రాల్లోంచి పోగొట్టుకుంటుంది. వేరు సంగతి ఇంకా అన్యాయం, ఉన్నట్టే ఉంటుంది, తాగడం రాదు. అందుకే ఈ కొన్ని వారాలూ దాన్ని దేంట్లో నిలబెడతామన్నదే దాని చావు బతుకు. నీళ్ళు ఎక్కువ పట్టేదాంట్లో పెడితే వేరూ కాడా కలిసే చోట మెడ కుళ్ళుతుంది, పట్టనిదాంట్లో పెడితే ఎండుతుంది, వేరుకి తడీ కావాలి గాలీ కావాలి, రెండూ ఒకేసారి కావాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చచ్చిన ట్రేలు పారబోసి పారబోసి తెలిసింది. జెర్బెరా పూల సంగతి వేరు, వాటికి కొబ్బరి పొట్టు చాలు, ఫెర్నులకి చెప్పక్కర్లేదు, ఆంథూరియం అలా కాదు, దాని వేరుకి పట్టుకోవడానికి గరుకుగా ఏదో కావాలి, పట్టుకుని మధ్యలో ఊపిరి పీల్చుకోవాలి. ఈ సంగతి నేను అన్నయ్యకి చెప్పిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది, ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా, నాచు కన్నా గొప్పదా నీ బొగ్గు అన్నాడు.

ఆ పూవుకి వదిన పేరు పెట్టాడు. పెట్టుకోనీ, భార్య పేరు పెట్టుకున్నాడు, తప్పేముంది. తప్పు లేదు గానీ కడుపు మండింది. ఎర్రదాని పుప్పొడి తెల్లదాని కంకికి అద్దింది నేను, నా దగ్గరున్న సన్న కుంచెతో, ఉక్కపోతకి చెమట పుప్పొడి మీద పడుతుందేమోనని తలకి తువ్వాలు కట్టుకుని. అద్దమని చెప్పింది ఆయనే, కాదనను. ఎన్నో మొక్కలు పారేసిన తర్వాత ఒక్కదానికి వచ్చింది ఆ రంగు, లేత గులాబీ, చుట్టూ గీత గీసినట్టు ఆకుపచ్చ అంచు. మేమిద్దరం దాని ముందు కూలబడి చూశాం, చిన్నప్పుడు మేడ మెట్ల మీద కూచుని వాన చూసినట్టు. ఆయన నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, సాధించాం పొట్టీ అన్నాడు. సాధించాం. ఆ మాటలో నేను కూడా ఉన్నాను. మర్నాడు బోర్డు మీద వదిన పేరు రాయించుకొచ్చాడు. నేను దాన్ని ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు, ఆకుపచ్చ అంచుది అంటాను, వదిన ముందర కూడా అలాగే అంటాను, ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంటుంది.

ఇక ఆ పందెం. పందెం అని నేననుకుంటాను, అన్నయ్య పరీక్ష అన్నాడు. పెద్ద నర్సరీ యజమాని ఒకాయన వచ్చే నెల మా షెడ్డు చూడ్డానికి వస్తున్నాడని తెలిసిన వారం. ఆయనకి మా షెడ్డు మీద కన్ను పడింది, షెడ్డు మీద కాదు, నా మీద, సీసా మొక్కల్ని బయటి గాలికి అలవాటు చేసే విభాగం మొత్తం నా చేతికిస్తానన్నాడు, ఉండడానికి గది, కింద పదిమంది, ఫోన్ చేసి ఎంత మర్యాదగా మాట్లాడాడో, మీరు ఏ మిశ్రమం వాడతారమ్మా అని అడిగాడు. మీరు. అమ్మా. ఈ షెడ్డులో నన్ను మీరు అన్నవాడు లేడు. నేను ఎగిరి గంతేసి అన్నయ్యతో చెప్పాను, పిచ్చిదాన్ని, చెప్పకుండా పోవాల్సింది. వెళ్ళు, ఎవరొద్దన్నారు, అన్నాడు ఆయన, కానీ ముందు నీ బొగ్గు సంగతి తేలాలి, అక్కడికి పోయి మన పరువు తీస్తావు. సగం మొక్కలు నా మిశ్రమంలో, సగం ఆయన నాచులో. నావి నేను పెట్టాను, ఆయనవి ఆయన పెట్టుకున్నాడు, ఒక్కడే, వల కట్టిన మూలలో తలుపు వేసుకుని. నెల తిరిగేసరికి నా ట్రేలో మొక్కలు బతికే ఉన్నాయి గానీ ఆకుల అంచులు కాలిపోయాయి, కొన్ని పైన ఎండి ఒరిగిపోయాయి. ఆయన ట్రే ఎలా ఉంది? తివాచీ. ఒక్క ఆకు మచ్చ లేదు. ఆ పెద్దాయన ముందర రెండు ట్రేలూ పక్కపక్కన పెట్టించాడు. పెద్దాయన, పాపం, అయినా పర్వాలేదు రండమ్మా అన్నాడు, పర్వాలేదు అన్న ఆ మాటకే నాకు తలకొట్టేసినట్టయింది. రానండీ అన్నాను. నా నోటితో నేనే అన్నాను. నా చేతి పని మీద నాకే నమ్మకం చచ్చిన తర్వాత పదిమందికి నేనేం నేర్పుతాను? ఆ రోజు సాయంత్రం అన్నయ్య మిఠాయి తెచ్చాడు. నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. చీమలకి పెట్టాను.

అప్పటినుంచీ ఆ మూల ఆయనది. ఆకుపచ్చ అంచుదాని జోలికి నన్ను రానివ్వలేదు, రమ్మన్నా నేను వెళ్ళేదాన్ని కాదు, వెళ్ళి ఆ నాచు చూస్తే ఓడిపోయానని ఒప్పుకున్నట్టే కదా. ఆయన హస్తవాసి అనేవాళ్ళు పనివాళ్ళు. హస్తవాసి! నేను జెర్బెరాలు చూసుకున్నాను, ఫెర్నులు చూసుకున్నాను, బతికించాను, ఎవరూ హస్తవాసి అనలేదు. ఆడదాని చేతిలో బతికితే అది పని, మగవాడి చేతిలో బతికితే అది వాసి. పోనీ ఆయన వదిననైనా బాగా చూసుకున్నాడా అంటే అదీ తెలియదు, ఆ మూలలోకి ఆవిడకి మాత్రం ప్రవేశం ఉండేది, మధ్యాహ్నాలు ఇద్దరూ లోపల ఏవో గుసగుసలాడుకునేవాళ్ళు, ఆవిడ బయటికి వచ్చేసరికి గోళ్ళ సందుల్లో నలుపు. ఆ నలుపు చూసి నేను ఎంత నవ్వుకున్నానో. జుట్టుకి రంగేసుకుంటోంది మహాతల్లి, ఈ వయసులో ఎవరిని మురిపించడానికో అని పనివాళ్ళతో కూడా అన్నాను ఒకసారి. ఆవిడ విన్నదేమో, వినలేదేమో, ఆవిడ మొహంలో ఏ సంగతీ తెలియదు. ఆసుపత్రిలో కూడా అంతే, ఏడవలేదు, మంచం పక్కన కుర్చీలో గోడకి వేసిన మేకులా కూచుంది. ఆ ఆఖరి వారం అన్నయ్య నన్ను పిలిపించాడు. వదిన బయటికి వెళ్ళి నిలబడింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, పొట్టీ, అన్నాడు. చాలాసేపు పైకప్పు చూశాడు. ఆ మొక్కలు ఇక నువ్వే చూసుకోవాలి, అన్నాడు. ఇంకేదో అనబోయినట్టు నోరు తెరిచాడు, అంతలో నర్సు సెలైను మార్చడానికి వచ్చింది, ఆవిడ వెళ్ళాక నాకు నిద్ర వస్తోంది పొట్టీ అని కళ్ళు మూసుకున్నాడు. చస్తూ చస్తూ కూడా పని చెప్పాడు. క్షమించమని అంటాడేమో అనుకున్నాను, ఎందుకనుకున్నానో, ఆయన క్షమాపణ అడగవలసింది ఏముందని? ఆయన గెలిచాడు, నేను ఓడాను, అంతేగా.

అంతే అయితే బాగుండేది. పోయిన నెల ఎవరికీ చెప్పకుండా మామూలు ఎర్ర ఆంథూరియానివి నాలుగు సీసాలు ముందే తీసి చూశాను. సగం ఉత్త నాచులో, సగం నా మిశ్రమంలో. నాచులోవి వారం తిరక్కుండా మెడ దగ్గర గోధుమరంగు తిరిగి మెత్తబడి, పట్టుకుంటే వేలికి అంటుకుని వచ్చేశాయి, ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. నా మిశ్రమంలోవి అంచులు కాలాయి గానీ నిలబడ్డాయి, అదిగో ఆ మూల బోర్లించిన గాజు గ్లాసు కింద కొత్త ఆకు విప్పుతున్నాయి. ఆయన చేతిలో నాచులో తివాచీ అయిన ఆంథూరియాలు నా చేతిలో నాచులో కుళ్ళిపోయాయి. మరి హస్తవాసి కాక ఏమిటి? అయితే ఏమైంది, నాకు తెలియాల్సింది తెలిసింది, నా చేతిలో నాచు అంటే చావు. ఆ సంగతి వదినకి చెప్పాలి. పొద్దున ఆవిడ గుమ్మంలో నిలబడి నాచులోనే పెట్టు అన్నప్పుడు చెప్పాలి. సరే అన్నాను. సరే అంటుంటే నా లోపల ఏదో చల్లగా కదిలింది. ఎందుకంటే నేను ఏమీ చెయ్యక్కర్లేదు. చెప్పిన మాట వింటే చాలు. ఇన్నేళ్ళూ చెప్పిన మాట వినే కదా బతికాను, ఇంకొక్కసారి వింటాను, బుద్ధిగా, వినయంగా, మెత్తటి నాచులో ఒక్కొక్కదాన్నీ నిలబెడతాను. వారంలో కుళ్ళిపోతాయి. ఆయన పువ్వు పోతుంది, ఆ పేరు పోతుంది, ఆ బోర్డు పోతుంది, నన్ను ఎవరూ ఒక్క మాట అనలేరు. మీరే చెప్పారు కదండీ నాచని.

లేకపోతే కుడి పక్క ట్రే. బతుకుతాయి. బతికి పూస్తాయి. వచ్చినవాళ్ళు అబ్బ ఎంత బాగుందో అంటారు, ఈ పూవు పేరేమిటి అంటారు, వదిన తన పేరే చెబుతుంది, మావారు నాచులో పెంచేవారు అంటుంది. నేను వెనకాల పైపు పట్టుకుని నిలబడి ఉంటాను. ఎందుకు బతికించాలి? ఎవరి కోసం? మొక్కకేం తెలుసు అంటారేమో, మొక్క నీకేం అన్యాయం చేసింది అంటారేమో. ఏమీ చెయ్యలేదు. నేను మాత్రం ఎవరికి చేశాను? తడిగుడ్డ అంచు ఆరుతోంది. ఎక్కువసేపు ఆగవు ఇవి, ఆకుల కొనలు అప్పుడే కాస్త వాలాయి. బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది దగ్గి దగ్గి ఆగిపోతోంది, మళ్ళీ దగ్గుతోంది. ఆ పెద్దాయన ఇచ్చే గదికి కిటికీ ఏ వైపు ఉండేదో. అడగనే లేదు. ఇప్పుడు ఆ గదిలో ఎవరో ఉంటారు, వాళ్ళకి ఎవరో అమ్మా మీరు అని ఫోన్ చేస్తారు. నా చెయ్యి ఎడమ పక్కకి వెళ్ళింది. నేను పంపలేదు అనను. నేనే పంపాను. నాచులో వేలితో గుంట చేసి మొదటిదాన్ని పెట్టాను, మెత్తగా దిగిపోయింది, నాచు దాని మెడ చుట్టూ మూసుకుంది. రెండోది. మూడోది. పని తెలిసిన చెయ్యి కదా, దేనికైనా అలవాటే. మధ్యలో ఒకటి, దానికి కొత్తగా తెల్లటి వేరు ఒకటి బయల్దేరి ఉంది, సీసాలో వచ్చిన వేరులా కాదు, కొన మీద సన్నటి నూగుతో, నిజం వేరు, తాగగలిగిన వేరు. ఆ వేరు చూసేసరికి ఏడుపొచ్చింది, ఏడుస్తూనే దాన్నీ నాచులో పెట్టాను. ట్రే నిండింది. ప్లాస్టిక్ కప్పు వేశాను. చేతులు దులుపుకున్నాను, దులిపితే పోయేదేముంది, జెల్లీ, నాచు పీచు.

వదిన వచ్చేసరికి నీడలు సాగాయి. గొడుగు మడిచి గుమ్మానికి ఆనించి, చెప్పులు విప్పి, కాళ్ళు మందునీళ్ళ తొట్టిలో ముంచి లోపలికి వచ్చింది, అన్నయ్య నేర్పిన శుభ్రం. నేను ఇంకో పక్కకి తిరిగి కత్తెర కడుగుతున్నాను. ఆవిడ కప్పు ఎత్తింది. ఆవిడ చూపుడు వేలు నాచులోకి దింపింది, నేను కంటి కొసతో చూస్తూనే ఉన్నాను, వేలు కణుపు దాకా దిగింది, ఇంకా దిగింది, ట్రే అడుగు తగిలినట్టుంది. ఆవిడ మొహం, ఎప్పుడూ ఏమీ తెలియని మొహం, తెల్లబోయింది.

"అమ్మాయ్, అడుగున బొగ్గేదే?"

బొగ్గేమిటి అన్నాను. నిజంగానే అన్నాను.

"ఉత్త నాచులో పెట్టావా? అయ్యో! నాచులో అనడం పైకి మాటే గానీ, నాచు పైపైన పరిచేదే కదా. అడుగున నీ మిశ్రమం ఉండాలి కదా. మీ అన్నయ్య పద్ధతంటే అదేగా!"

నేను కత్తెర కింద పెట్టాను. ఎప్పట్నుంచి అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి, మెల్లిగా కుర్చీ లాక్కుని కూచుంది.

"నీకు చెప్పేశానన్నారే. ఆసుపత్రిలో. నిన్ను పిలిచి అన్నీ చెప్పేశాను, గుండె తేలికైంది అన్నారు. ఏడాదిగా నువ్వు నోరు మెదపకపోతే, కోపం ఇంకా చల్లారలేదు కాబోలు, నేనెందుకు కదపడం అనుకున్నాను."

నాకేం చెప్పలేదు అన్నాను. మొక్కలు చూసుకోమన్నాడు, అంతే అన్నాను. ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత చెప్పింది, నా వైపు చూడకుండా, ట్రే వైపు చూస్తూ, ఆ పరీక్షప్పుడు అన్నయ్య మొదట ఉత్త నాచులోనే పెట్టారట, నాలుగు రోజులకే మెడలు మెత్తబడడం మొదలైందట, రాత్రికి రాత్రి అన్నీ పీకి, నా డబ్బాలోంచి మిశ్రమం తెచ్చి, అందులో పెట్టి, కనపడకుండా పైన నాచు పరిచారట. అది తివాచీ అయి కూచుంది. ఆ తర్వాత బొగ్గు కొట్టే పని ఆవిడది. నాకు చప్పుడు వినపడకూడదని గుడ్డలో చుట్టి కొట్టేదట. గోళ్ళు నల్లబడితే నిమ్మచెక్కతో రుద్దుకునేదట, పోయేది కాదట. జుట్టు రంగు. ఆ నలుపుని నేను జుట్టు రంగు అన్నాను. ఎందుకు వదినా అన్నాను, గెలవడానికా, అంత చిన్న గెలుపు ఆయనకెందుకు?

"గెలుపు కాదే. నీ మాట నిజమని తేలితే నువ్వు వెళ్ళిపోతావని. నువ్వు లేకపోతే ఈ షెడ్డు ఒక్కరోజు నడవదని ఆయనకి తెలుసు. మిఠాయి తెచ్చిన రోజు రాత్రి అన్నం తినలేదు. చెప్పెయ్యండి అన్నాను. రేపు చెబుతాను అన్నారు. నేనూ నోరు మూసుకున్నాను. నా స్వార్థం నాకుంది."

రేపు. ఎన్ని రేపులు. ఒళ్ళు మండిపోయింది, ఆ కుర్చీని ఆవిడతో సహా తన్నాలనిపించింది, ఆయన బతికుంటే చొక్కా పట్టుకుని లేపేదాన్ని, చచ్చి బతికిపోయాడు. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకుండా చేశాడు, చేసి, ఆ చేతి పనినే రోజూ తలుపేసుకుని చేసుకున్నాడు. ఈ పనితనం నాదని ఆయనకి తెలుసు, ఆవిడకి తెలుసు, కుండీలకి తెలుసు, నాకొక్కదానికే తెలియదు. ఇప్పుడు నేను చేసిందేమిటి? బేసిన్ ఖాళీ. మొక్కలన్నీ నాచులో, మెడల దాకా. తెలిసి తెలిసి, చేతులారా. కుడి పక్క ట్రే ముందుకి లాగాను.

పీకడం పెట్టడం లాంటిది కాదు. నాచు పీచులు వేళ్ళకి చుట్టుకుంటాయి, లాగితే తెగుతాయి. నీళ్ళు పోసి నాచుని వదులు చేసి, ఒక్కొక్కదాన్నీ కింద నుంచి ఎత్తాను, కొన్ని క్షేమంగా వచ్చాయి, కొన్నిటి వేర్లు పుటుక్కున తెగి నాచులోనే ఉండిపోయాయి, ఆ చప్పుడు వినపడదు, వేలికి తెలుస్తుంది. వదిన అడక్కుండానే ట్రే ఎత్తి పట్టుకుంది. పోయేవి పోతాయి, ఇప్పుడే చెప్పలేం. తెల్లటి వేరుది ఎక్కడ పెట్టానో వెతికాను, వరసలో మధ్యది, చుట్టూ నాచంతా విడదీసి ఎత్తాను. వచ్చింది. కొన తెగలేదు. బొగ్గు ముక్కల మధ్య దానికి చోటు చేసి నిలబెట్టి, వేలితో అదిమాను, నా మిశ్రమంలో, వదిన కళ్ళ ముందర, తలుపు తెరిచి ఉండగా.

అన్నీ అయిపోయాక వదిన పిడికెడు నాచు పిండి నా ముందు పెట్టింది. పైన వెయ్యి అమ్మాయ్, లేకపోతే అంచులు కాలతాయి అంది. వెయ్యను అందామనుకున్నాను. నా బొగ్గు మీద ఇంకొక్కసారి ఆయన నాచు కప్పను, చస్తే కప్పను. కానీ గ్లాసు కింద నా మొక్కలు అంచులు కాలి నిలబడి ఉన్నాయి, నేను ఎన్నేళ్ళయినా తెలుసుకోలేకపోయింది ఆయన తెలుసుకున్నాడు, అదే నన్ను ఇంకా కాల్చేస్తోంది. అడుగున నాది, పైన ఆయనది, రెండూ ఉంటేనే బతుకుతుంది. ఇద్దరిదీ అని ఒక్క మాట అంటే ఏం పోయేది? వెళ్ళేదాన్ని, అవును, వెళ్ళేదాన్నే, వెళ్ళి కూడా వచ్చి పోతూ ఉండేదాన్ని కదా. నాచు చేతిలోకి తీసుకున్నాను. పోగులు పోగులుగా విడదీసి, మెడలకి తగలకుండా, మొక్క మొక్క చుట్టూ పరిచాను, ఎంత పల్చగా పరిచానంటే కిందనున్న నలుపంతా పైకి కనపడుతోంది.

"అంత పల్చగానా?" అంది వదిన.

"అంతే," అన్నాను. "కనపడనీ."